ముసురులో కల్సూబాయి

మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కల్సూబాయి. ఎత్తు 1,646 మీటర్లు. భండార్‌దరాకు దగ్గరలోని బారి గ్రామం నుంచి పొద్దున్నే బయలుదేరితే మూడు నాలుగు గంటల్లో ఎక్కి, చీకటి పడేలోపు దిగిరావచ్చు. వానాకాలంలో ఈ లెక్క తప్పుతుంది.

బాట మొదట పొలాల మీదుగా సాగి, ఆపైన నిటారవుతుంది. కొండంతా ఒకప్పటి లావా గడ్డకట్టిన నల్లరాయి. వానలకు దానిమీద నాచు పడుతుంది. చూడ్డానికి ఉత్త తడిలాగే ఉంటుంది, కాలు పెడితే గానీ తెలియదు. మరీ నిటారు చోట్ల ఇనుప నిచ్చెనలు బిగించారు. దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపే ఉండాలి. ఒక చెయ్యి పట్టు దొరికాకే రెండోది వదలాలి. ఉరుము వినిపిస్తే నిచ్చెన జోలికే పోకూడదు.

నూలు బట్టలు తడిస్తే ఓ పట్టాన ఆరవు. పైన గాలి తగిలేసరికి ఒంట్లో వేడినంతా లాగేస్తాయి. జీన్సు మరీ అధ్వానం. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక పొడి చొక్కా ఖరీదైన వానకోటు కన్నా ఎక్కువ అక్కరకొస్తుంది.

ఒంటరిగా వెళ్లేవారు ఎన్నింటికి తిరిగొస్తారో ఊళ్లో ఎవరికైనా చెప్పి కదలాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనుదిరగాలన్నట్టు ఒక గడువు ముందే పెట్టుకోవాలి. మబ్బు దిగితే పది అడుగుల అవతల బాట కనిపించదు, తోడు అడగడానికి మనిషి ఉండడు.

శిఖరం మీద కల్సూబాయి అమ్మవారి చిన్న గుడి ఉంది. తెరపిచ్చిన రోజు అక్కడి నుంచి భండార్‌దరా జలాశయం కనిపిస్తుంది. ముసురులో గుడి గోడ కనిపిస్తే అదే గొప్ప.