చక్రం తిప్పే ముందు చేయవలసిన పని

ఈమధ్య మన సంఘాల్లో ఒక రంగుల చక్రం తిరుగుతోంది. సండే స్కూల్లో కంఠత వాక్యం ఎవరు చెప్పాలి, క్రిస్మస్ కానుకల మార్పిడిలో ఎవరు ఎవరికి ఇవ్వాలి, వచ్చే వారం గృహ ప్రార్థన ఎవరింట్లో అన్నవి ఫోన్‌లోనో ప్రొజెక్టర్ తెర మీదో చక్రం తిప్పి తేలుస్తున్నారు. పిల్లలకు ఇది సరదా. పెద్దల్లో కొందరికి మాత్రం తిరునాళ్లలో పందెం కాసే చక్రం గుర్తుకొస్తుంది. “ఇది జూదం కాదా?” అని వారు అడుగుతున్నారు. “చక్రం ద్వారా దేవుడే ఎంపిక చేస్తాడు కదా” అనేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలనూ వాక్యపు వెలుగులో చూడటం మంచిదని మేము తలుస్తున్నాము.

ముందుగా ఆ చక్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. వరుసకు ఒక పేరు చొప్పున టైపు చేస్తే ఒక్కో పేరుకు ఒక్కో రంగు ముక్క ఏర్పడుతుంది. బటన్ నొక్కగానే కంప్యూటరు మనం ముందుగా ఊహించలేని ఒక సంఖ్యను తీస్తుంది. చక్రం ఎక్కడ ఆగాలో ఆ సంఖ్యే చెబుతుంది. గిరగిర తిరగడం మన కళ్ల కోసమే. పది పేర్లుంటే ప్రతి పేరుకూ పదింట ఒక వంతు అవకాశం. ఎవరైనా ఒక పేరును రెండుసార్లు చేర్చితే ఆ వ్యక్తికి మిగతావారికన్నా రెట్టింపు అవకాశం వస్తుంది. అది తెర వెనుక చక్రం తిప్పడమే అవుతుంది.

చక్రానికి జ్ఞాపకం లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పోయిన వారం వచ్చిన పేరే ఈ వారమూ రావచ్చు. పదిమంది పిల్లల పేర్లతో పది వారాలు తిప్పుతూ, వచ్చిన పేరును తీసేయకపోతే, ఒక బిడ్డకు ఒక్కసారి కూడా పిలుపు రాకపోయే అవకాశం సుమారు 35 శాతం. అంటే సగటున ముగ్గురు నలుగురు పిల్లలు పది వారాలూ ఎదురుచూస్తూ కూర్చుంటారు. వచ్చిన పేరును తొలగిస్తూ తిప్పితే పదిమందికీ వంతు అందుతుంది. ఉపాధ్యాయులు ఈ చిన్న జాగ్రత్త తీసుకుంటే చాలు.

ఇక జూదం మాట. జూదంలో పందెం ఉంటుంది. ఒకరి నష్టమే ఇంకొకరి లాభం. ఎవరి జేబులోనూ రూపాయి కదలకుండా వంతు నిర్ణయించుకోవడం జూదం కాదు. డబ్బు కట్టించుకుని, చక్రంలో పేరు వచ్చినవారికి బహుమతి అంటే మాత్రం, ఆ నిధి ఏ మంచి పనికైనా సరే, అది లాటరీయే. సంఘం ఆ దారిలో అడుగు పెట్టకూడదు.

చీట్లు వేయడం బైబిలులో కొత్త విషయం కాదు. దేవాలయంలో ధూపం వేసే వంతు జెకర్యాకు చీటి ద్వారానే వచ్చింది (లూకా 1:9). చీట్లు బలవంతుల మధ్య తగాదాను తీరుస్తాయని సామెతలు 18:18 చెబుతుంది. అయితే ఆ చీట్లకు ముందు ఏం జరిగిందో చాలామంది గమనించరు. యెహోషువ 18వ అధ్యాయం చూడండి. గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషులు వెళ్లి, దేశమంతా నడిచి, దాన్ని ఏడు భాగాలుగా పుస్తకంలో రాసుకుని వచ్చారు. ఆ తరువాతే షిలోహులో చీట్లు పడ్డాయి. మత్తీయ విషయంలోనూ అంతే. యేసుతో మొదటినుండి ఉన్నవాడై ఉండాలని అపొస్తలులు ముందు అర్హతను నిర్ణయించారు, ఇద్దరిని నిలువబెట్టారు, ప్రార్థన చేశారు, చివరికి చీట్లు వేశారు (అపొ. కార్యములు 1:21-26). చీటి వారి పనికి ముగింపే గాని, పనికి బదులు కాదు.

పెంతెకొస్తు తరువాత సంఘం చీట్లు వేసినట్లు కొత్త నిబంధనలో ఎక్కడా కనబడదు. విధవరాండ్రకు భోజనం సరిగా అందడం లేదన్న సణుగు పుట్టినప్పుడు, మంచిపేరు గల ఏడుగురిని సంఘమే చూసి ఏర్పరచుకుంది (6:1-6). సున్నతి విషయమై వివాదం వచ్చినప్పుడు పెద్దలు కూడి, అందరి మాటా విని తీర్పు చెప్పారు (15వ అధ్యాయం).

సంఘ చరిత్రలోనూ చీట్లు ఉన్నాయి. 2012 నవంబరు 4న ఈజిప్టులోని కాప్టిక్ సంఘం తన పోపు రెండవ తవద్రోస్‌ను ఎన్నుకుంది. ముందు ఓటింగు ద్వారా ముగ్గురిని తేల్చారు; తరువాత కళ్లకు గంతలు కట్టిన ఒక బాలుడు వారిలో ఒకరి పేరు తీశాడు. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్లు 1731 నుండి అనుదిన వచనాల పుస్తకం ప్రచురిస్తున్నారు. అందులో పాత నిబంధన వచనాన్ని చీటి ద్వారా తీస్తారు, దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని మాత్రం మనుషులు ఆలోచించి ఎంపిక చేస్తారు. ఆ మొరేవియన్లే ఒకప్పుడు పెళ్లిళ్లకు కూడా చీట్లు వేసి, 1818లో సాధారణ సభ్యులకు ఆ పద్ధతిని మానుకున్నారు. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన వచనం తీసే మనం కూడా, వచ్చిన వచనంతో ఆగిపోకుండా ఆ అధ్యాయమంతా చదవడం మంచిది.

చీటి తీర్పు యెహోవాదేనని సామెతలు 16:33 బోధిస్తుంది, నిజమే. అంతమాత్రాన చక్రం చూపినదంతా మనకు దేవుని ఆజ్ఞ అయిపోదు. సిలువ క్రింద సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేశారు. లేఖనం నెరవేరింది గాని, ఆ సైనికులు చేసినది నీతి అయిపోలేదు.

మా ఆందోళన అసలు ఇక్కడే. ఒక సంఘం దగ్గర ఒక విద్యార్థి ఫీజుకు సరిపడే డబ్బు ఉందనుకుందాం. అడిగినవారు ముగ్గురు. “ఎవరినీ నొప్పించడం ఎందుకు, చక్రం తిప్పేద్దాం” అనడం తేలిక. కాని ఆ ముగ్గురిలో ఒకరి తండ్రి మంచాన పడి ఉండవచ్చు, మరొకరికి వేరే దారి ఉండవచ్చు. చక్రానికి అవేవీ తెలియవు. ఇళ్లకు వెళ్లి, విని, తెలుసుకోవలసిన బాధ్యత పెద్దలది. అది చేయకుండా చక్రం మీద భారం వేయడం పిలాతు చేతులు కడుక్కోవడం వంటిదే. అన్నీ విచారించిన తరువాత ఇద్దరి అవసరమూ సమానమని తేలితే, అప్పుడు చీటి వేయడం న్యాయమే. ఎవరి పక్షమూ వహించలేదని అందరికీ తెలుస్తుంది.

అందుకే సంఘాలకు మా మనవి ఇది. సమానుల మధ్య వంతులకు చక్రాన్ని నిశ్చింతగా వాడండి. పేర్లన్నీ అందరికీ చూపించి, అందరి ఎదుటే తిప్పండి. ఎన్నిసార్లు తిప్పుతారో ముందే చెప్పండి. నచ్చిన పేరు వచ్చేదాకా తిప్పితే అది మన ఇష్టమే గాని ఎంపిక కాదు. సిగ్గరి బిడ్డ పేరు వస్తే బలవంతపెట్టకండి. పెద్దల ఎన్నిక, పెళ్లి సంబంధం, క్రమశిక్షణ, పేదలకు సహాయం వంటివాటిని మాత్రం చక్రానికి అప్పగించకండి. వాటికి మోకాళ్లూ కావాలి, వెళ్లి చూసే కాళ్లూ కావాలి.