తుపాను వెలిసిన మరునాడు: మంచుచరియల ప్రమాదము

హిమాలయములందు రెండు మూడు దినములు ఎడతెగక మంచు కురిసి వెలిసిన మరునాడు ఆకాశము నిర్మలముగా నుండును. కొండవాలులు తెల్లని దుప్పటి కప్పుకొన్నట్లు ప్రకాశించును. స్కీలపై జారువారికి ఇంతకంటె మనోహరమైన దృశ్యము లేదు. ఇంతకంటె ప్రమాదకరమైన సమయమును లేదు. కాశ్మీరములో గుల్మార్గ్‌కు పైనున్న అఫర్వత్ పర్వతముపై 2023 ఫిబ్రవరి 1వ తేదీన మంచుచరియ విరిగిపడి ఇద్దరు విదేశీయులు మరణించిరి. అంతకు ముందు దినములలో అక్కడ మంచు విస్తారముగా కురిసియుండెను. పర్వతము ప్రశాంతముగా కన్పట్టునప్పుడు ఇట్లేల జరుగును?

కొండపై మంచు ఒకే ముద్దగా నుండదు. కురిసిన ప్రతిసారియు ఒక్కొక్క పొర ఏర్పడును. నేల నంటియున్న మంచు ఉష్ణోగ్రత సుమారు 0 డిగ్రీలుండగా, మబ్బులేని రాత్రులందు పైభాగము మిక్కిలి చల్లబడును. అందువలన అడుగునుండి నీటియావిరి పైకి ప్రాకును. మీటరు మందములో ఉష్ణోగ్రతాభేదము సుమారు 10 డిగ్రీలు మించినచో, మంచురేణువులు కోణములు దేరి చక్కెర పలుకులవలె ఒకదాని నొకటి అంటుకొనక యుండును. ఇదియే బలహీనమైన పొర. దీనిపై కొత్త మంచు కురిసి, గాలితాకిడికి గట్టిపడి పలకగా మారును. అట్టి పలకను కదలించుటకు ఒక్క మనుష్యుని బరువు చాలును. బలహీనమైన పొరలో పగులు క్షణములో వ్యాపించి, పలక యంతయు జారిపోవును. ప్రాణనష్టము కలిగిన ప్రమాదములలో సుమారు పదింట తొమ్మిదింటిలో చరియను కదలించినవారు బాధితులో వారి తోడివారో అయియుందురు.

దీనిని తరగతిలో చూపవచ్చును. ఒక పలకపై గరుకుగుడ్డ పరచి, దానిపై పిండి, పిండిపై చక్కెర, మరల పైన పిండి పొరలుగా పోసి, పలకను మెల్లగా ఒకవైపు ఎత్తవలెను. పైపిండి చక్కెర పొర మీదుగా జారుట విద్యార్థులు గమనింతురు.

మంచుచరియలు ఎక్కువగా 30 మొదలు 45 డిగ్రీల వాలులపై పుట్టును. 100 మీటర్లు అడ్డముగా నడచునప్పటికి 58 మీటర్లు ఎత్తు పెరిగినచో ఆ వాలు 30 డిగ్రీలు. కోణమానికి దారముతో చిన్న బరువు వ్రేలాడగట్టి వాలును కొలువవచ్చును. అయితే తక్కువ వాలున నున్నంతమాత్రమున భయము లేదనరాదు. పైనుండి జారిన మంచు క్రింది చదునుపైకి కూడ వచ్చును. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మానా గ్రామము వద్ద రోడ్డుపనివారి బసపై చరియ పడగా 54 మంది చిక్కుకొనిరి. 46 మందిని రక్షించిరి, 8 మంది మరణించిరి.

ప్రకృతి ముందుగానే కొన్ని హెచ్చరికలు చేయును. సమీపమున కొత్తగా చరియలు పడియుండుట, అడుగు వేయగానే మంచులో పగుళ్లు ప్రాకుట, మంచు లోపల "వుమ్" అను ధ్వనితో కుంగుట ప్రమాదసూచకములు. గాలికి మరుగైన వాలుపై మంచు త్వరగా పేరుకొనును గనుక అచట మరింత జాగ్రత్త వలయును. తుపాను వెలిసిన తరువాత కనీసము ఒకటి రెండు దినములు నిటారు వాలులకు దూరముగా నుండుట మంచిది. బలహీనమైన పొర యున్నచో ఆ ప్రమాదము వారములకొలది నిలిచియుండవచ్చును. వాలును దాటవలసివచ్చినచో ఒక్కొక్కరే దాటవలెను. తక్కినవారు సురక్షితమైన చోట నిలిచి చూచుచుండవలెను.

మంచులో కప్పబడినవానికి కాలమే ప్రాణము. మొదటి పది నిమిషములలో వెలికితీసినచో పదిమందిలో సుమారు తొమ్మండుగురు బ్రదుకుదురు. అరగంట గడచునప్పటికి ఆ సంఖ్య మూడవవంతుకు సమీపించును. బయటినుండి సాయము వచ్చువరకు ఆగిన లాభము లేదు. కావున ప్రతివాడును 457 కిలోహెర్ట్‌జ్ పౌనఃపున్యముపై సంకేతములు పంపుచు, గ్రహించు బీకన్‌ను, పొడవైన శోధనకడ్డీని, పారను వెంట ఉంచుకొని, వాని నుపయోగించుట ముందే అభ్యసించి యుండవలెను.

చండీగఢ్‌లోని రక్షణశాఖ పరిశోధనసంస్థ హిమాలయ ప్రాంతములకు మంచుచరియల హెచ్చరికలు వెలువరించును. బయలుదేరుటకు ముందు వానిని చదువుటయు, అవసరమైనచో ప్రయాణము మానుకొనుటయు పిరికితనము కాదు. పలక క్రిందనున్న పొర కంటికి కానరాదు. దానిని గుర్తుంచుకొన్నవాడే క్షేమముగా ఇల్లు చేరును.