మీకు తెలుసా? పాత వైఫై కార్డుకు కావాల్సింది డ్రైవరే!

ఒంగోలులో ఇంటర్ పిల్లల కోసం కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో లినక్స్ వేశాక వైఫై రాకపోతే, కార్డు పోయిందని పక్కన పెట్టేయకండి. చాలాసార్లు లోపం కార్డుది కాదు, డ్రైవర్‌ది.

ముందు కార్డు ఎవరిదో చూడండి. టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశానికి ‘-ఎన్ఎన్’ చేర్చి కొడితే ప్రతి పరికరం పక్కనా ఒక నంబరు వస్తుంది. వైఫై కార్డు నంబరు 14ఈ4తో మొదలైతే బ్రాడ్‌కామ్, 168సీ అయితే అథెరోస్, 8086 అయితే ఇంటెల్.

వీటిలో బాగా సతాయించేది పాత బ్రాడ్‌కామే. కంపెనీ వివరాలు ఇవ్వకపోతే స్వచ్ఛంద ప్రోగ్రామర్లు కార్డు నడిచే తీరును ఓపిగ్గా విడదీసి చదివి, సొంతంగా ‘బీ43’ డ్రైవర్ రాశారు. ఎంత గొప్ప శ్రమ! 2008 జనవరిలో అది లినక్స్ 2.6.24 కెర్నెల్‌తో అందరికీ అందింది. కంపెనీ తన కొత్తరకం చిప్‌లకు ఓపెన్‌సోర్స్ డ్రైవర్ ఇచ్చింది 2010లో.

అయితే బీ43కి ఫర్మ్‌వేర్ విడిగా దించుకోవాలి. వైఫై లేకుండా ఎలాగంటారా? ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. డెబియన్, ఉబుంటుల్లో ‘ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్’ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి. కొత్త డాంగిల్‌కు డబ్బు పెట్టేముందు ఈ ఒక్క ప్రయత్నం తప్పక చేయండి.