నొప్పి తగ్గాక అసలు వైద్యం మొదలవ్వాలి

గుల్లబారిన వెన్నుపూస విరిగితే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. కానీ మంచం పట్టకూడదు, ఎముకను మరచిపోకూడదు.

నీళ్ల బకెట్ ఎత్తినప్పుడో, ఆటో గుంతలో పడి ఎగిరినప్పుడో నడుములో కలుక్కుమంటుంది. అరవై దాటిన అమ్మ ‘పట్టేసిందిలే’ అనుకుని బామ్ రాసుకుంటుంది. ఎముకలు గుల్లబారినవారిలో అది వెన్నుపూస కుంగడమూ కావచ్చు. ఇలా కుంగిన పూసల్లో సుమారు మూడింట రెండు వంతులు ఎవరూ గుర్తించకుండానే ఉండిపోతాయి.

ఆపరేషన్ తప్పదా?

నరాలు నలగనంతవరకు సాధారణంగా అక్కర్లేదు. ఎక్కువమందికి నొప్పి 6 నుంచి 12 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. విరిగిన పూసలోకి సూదితో సిమెంటు ఎక్కించే పద్ధతిని ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన రెండు అధ్యయనాలు 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. నొప్పి తగ్గడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. విరిగి 6 వారాలు దాటనివారిలో, నొప్పి తీవ్రంగా ఉంటే ఫలితం ఉందని 2016లో లాన్సెట్‌లో మరో అధ్యయనం వచ్చింది. అందుకే మందులకు లొంగని నొప్పి ఉన్నప్పుడే ఆ మాట ఆలోచించాలి.

తొలి వారాల్లో...

విశ్రాంతి కొద్ది రోజులు చాలు. ఎక్కువకాలం పడుకుంటే కండతోపాటు ఎముక కూడా కరుగుతుంది. మంచం దిగేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, చేతుల ఊతంతో లేవాలి. పారాసిటమాల్‌ను డాక్టర్ చెప్పిన మోతాదులో, వేళ తప్పకుండా వేసుకోవాలి. కిడ్నీ జబ్బు, బీపీ, కడుపులో పుండు ఉన్నవారు దుకాణంలో అడిగి నొప్పి బిళ్లలు కొనుక్కోకూడదు. ట్రమడాల్ లాంటివి కొద్దికాలమే వాడాలి. వాటితో మలబద్ధకం వస్తుంది, మత్తుకు తూలి పడితే మరో ఎముక విరుగుతుంది. బెల్టు తొలినాళ్లలో ఊరటనివ్వొచ్చు గానీ, ఏళ్ల తరబడి కట్టుకునేది కాదు.

ముందుకు వంగొద్దు

నొప్పి సర్దుకున్నాక ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వీపు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయాలి. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు వెన్నెముక గుల్లబారిన 59 మంది మహిళలను పరిశీలించారు. ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి పూసలు కొత్తగా దెబ్బతిన్నాయి. వీపును నిటారుగా సాగదీసినవారిలో ఆ సంఖ్య 16 శాతమే. వంగి ఊడ్చడం, బిందెలెత్తడం ఇంట్లో మరొకరు చూసుకోవాలి.

ఒకటి విరిగితే మరొకటి

పూస విరిగిన మహిళల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఏడాదిలోపే మరొకటి విరుగుతుంది. నొప్పి పోయిందని ఊరుకుంటే ప్రమాదం ఇక్కడే. వారానికోసారి మింగే అలెండ్రోనేట్, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి మందులు ఎముకను కాపాడతాయి. అలెండ్రోనేట్‌ను పరగడుపున గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్‌ను మాత్రం చెప్పకుండా మానేస్తే పూసలు వరుసగా విరిగే ప్రమాదం ఉంది. విటమిన్ డి, కాల్షియం తోడుండాలి. మన రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కగట్టింది.

కాళ్లు బలహీనపడినా, మర్మావయవాల దగ్గర తిమ్మిరెక్కినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉంటే నొప్పికి వేరే కారణం వెతకాలి.

మీ ఇంట్లో పెద్దావిడ ఎత్తు తగ్గుతున్నా, వీపు వంగుతున్నా వయసు మీదికి నెట్టేయకండి. వెన్ను ఎక్స్‌రే, ఎముక సాంద్రత పరీక్ష చేయించండి.