ప్రశ్నభాషయందు తెలియనిదాని గతి

కంప్యూటరునందు సమాచారమును పట్టికలుగా నిలుపవలెననియు, అడుగువాఁడు కావలసినదేదో చెప్పిన చాలును గాని యది లోపల నెట్లున్నదో యెఱుఁగ నక్కఱలేదనియు ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించెను. ఆ మతము ననుసరించి చేంబర్లిన్, బాయిస్ అనువారు 1974లో ప్రకటించిన ప్రశ్నభాషయే నేఁటి ఎస్.క్యూ.ఎల్.కు మూలము.

ఈ భాషయందు గ్రంథపరిశోధకు లుపేక్షింపరాని చిక్కొకటి గలదు. తాళపత్రగ్రంథముల సూచిక నొక పట్టికగాఁ గూర్చిరనుకొందము. గ్రంథమున కొక వరుస. కవికాలమున కొక గడి. కాలము తెలియనిచో గడియందు 'నల్' అను గుర్తుండును. అది సున్న కాదు, ఎఱుఁగమని యర్థము. "16వ శతాబ్దివి" యని యడిగిన నా గ్రంథము రాదు, యుక్తమే. "16వ శతాబ్దివి కానివి" యని యడిగినను రాదు! ఎఱుఁగనిదానితోఁ బోల్చిన ఫలము సత్యమును గాదు, అసత్యమును గాదు, అనిశ్చితము. దానికి నిషేధము చేర్చినను ననిశ్చితమే. యంత్రమో, సత్యమని తేలిన వరుసలనే యిచ్చును. వ్యాకరణమున ప్రత్యయము లోపించినను తత్కార్యము నిలుచును. ఇచ్చట కాలము లోపించుటచే గ్రంథమే లోపించుచున్నది. పరిశోధింపవలసిన గ్రంథములే యిట్లు రెండు లెక్కలనుండియుఁ దప్పిపోవును.

"కాలము నల్‌కు సమానమైనవి" యని యడిగినను నొకటియు రాదు. "ఈజ్ నల్" అను ప్రత్యేకప్రయోగముతో వానిని వేఱుగా నడిగి లెక్కలోఁ జేర్చుకొనవలెను.