పచ్చికట్టెతో చక్రం చెయ్య!

ఫ్రాన్సులో ద్రాక్షసారా నిలవచేసే పీపాల సంగతి ఆమధ్య చదివాను. ఓక్ చెక్కలను రెండు మూడేళ్లు ఎండకూ వానకూ ఆరుబయట వదిలి, ఆ తరువాతనే పనిలోకి తీసుకుంటారట. మేకు లేదు, జిగురు లేదు. చుట్టూ బిగించిన ఇనుపకట్లే చెక్కలను పట్టి ఉంచుతాయి. వేడినీళ్లు పోసి, ఎక్కడా చెమ్మ ఊరదని తేలితేనే పీపా గడప దాటుతుంది. ఇది చదువుతుంటే నాకు జనగామ దగ్గరి మా ఊరి వడ్లాయన కళ్లకు కట్టాడు.

1990 నాటి మాట. నాకు పెద్ద జబ్బు చేసి తగ్గింది. బండి కట్టుకొని మేడారం వచ్చి, మనుమడి ఎత్తు బంగారం ఇస్తానని మా బాపమ్మ మొక్కుకుంది. అక్కడ బంగారమంటే బెల్లమే లెండి! తీరా జాతర దగ్గరపడేసరికి బండి చక్రం ఒకటి పాడైంది. తాత వడ్లాయన దగ్గరికి వెళ్లాడు. వెంట నేనూ ఉన్నాను.

"తుమ్మమొద్దు కొట్టి ఆరు నెలలే అయింది పటేలా. పచ్చికట్టెతోని చక్రం చెయ్య."

"పైసలు ఎక్కువిస్తనయ్యా!"

"పైసలు చూసి కట్టె ఎండుతదా?"

తాతకు ఎక్కడలేని కోపం వచ్చింది. జాతర రెండేళ్లకోసారి గాని రాదు మరి. బాపమ్మ మాత్రం నా తల నిమిరి, "తల్లులు ఆగుతరులే" అంది.

వడ్లాయన మొండితనం వెనుక ఒక లెక్క ఉంది. మా బండి చక్రానికి నడుమ దిమ్మ, దానిలో దిగిన పన్నెండు ఆకులు, ఆ ఆకుల కొసలను కలిపే ఆరు వంపు చెక్కలు, అంటే పూటీలు. వీటన్నిటినీ బిగించేది పైనున్న ఇనుపపట్టా. దానిని చక్రం కంటె పిసరంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. అయిదడుగుల చక్రానికి వేసే పట్టాకు 500 డిగ్రీల వేడి ఎక్కితే, దాని చుట్టుకొలత అంగుళానికి కాస్త పైగా సాగుతుంది. అప్పుడు తొడిగి నీళ్లు పోస్తే, కుదించుకొని కీళ్లన్నిటినీ నొక్కి పట్టుకుంటుంది. కాని కట్టె పచ్చిదైతే? తరువాత అదీ ఎండి కుదించుకుపోతుంది. పట్టా వదులై, ఆకులు కదిలి, నడిదారిలో బండి కూలబడుతుంది.

వడ్లాయన ఆ మొద్దును మరో ఏడాదికి పైగా ఆరనిచ్చాడు. చక్రం పూర్తయ్యాక ఇరుసుకు ఎక్కించి తిప్పి, పక్కన పుల్ల నిలిపి, వంకర ఉందేమోనని చూశాడు. ఒక్కొక్క ఆకునూ ఉలిపిడితో తట్టి చెవి ఒగ్గాడు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది బొంగురు పోతుంది. పన్నెండూ పలికాకనే తాతను పిలిచాడు.

1992లో మేడారం వెళ్లాం. ఆ రెండేళ్లలో నేను పెరిగాను గనుక బెల్లం కూడా పెరిగిందని తాత నవ్వాడు. మేడారం అప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో భూపాలపల్లి జిల్లాకూ, 2019లో ములుగు జిల్లాకూ మారింది. బాపమ్మా, తాతా, వడ్లాయనా ఇప్పుడు లేరు. చక్రం మాత్రం మా కొట్టంలో గోడకు ఆనించి ఉంది. ఎవరో హోటలు ముందు అలంకారానికి అడిగితే ఇవ్వలేదు.

నేను పాఠాలు చెప్పే మహబూబాబాద్ నుంచి మొన్న సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఆకులన్నిటినీ తట్టి చూశాను. పదకొండు ఖంగుమన్నాయి. ఒకటి బొంగురు పోయింది. దానిని బిగించగల చెయ్యి ఇప్పుడు మా ఊళ్లో లేదు.