బియ్యంతో కుట్టిన హీట్ ప్యాడ్: చార్జింగ్ 90 సెకన్లు, బ్యాకప్ అరగంట

ఈ సైట్‌లో నేను ఇప్పటిదాకా రాసిన ప్రతి రివ్యూలోనూ ఏదో ఒక చార్జింగ్ పోర్ట్ ఉంది. ఈసారి వస్తువుకి పోర్ట్ లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు. రెండు పొరల నూలు గుడ్డ, 700 గ్రాముల బియ్యం, నాలుగు అడ్డ కుట్లు, అంతే. నెల రోజులుగా మా ఇంట్లో రోజూ రాత్రి వాడుతున్నది మాత్రం ఇదే. నా స్మార్ట్ వాచ్‌కి కూడా అంత యూసేజ్ లేదు.

మాది నౌపడ. శ్రీకాకుళం జిల్లా బయట ఈ పేరు విన్నవాళ్ళు రెండే రకాలు. ఒకరు హౌరా–చెన్నై లైన్‌లో వెళ్తూ గుణుపూర్ బండి కోసం ఇక్కడ దిగినవాళ్ళు, ఇంకొకరు ఉప్పు వ్యాపారం తెలిసినవాళ్ళు. మా నాన్న ఉప్పు మడుల్లో పని చేస్తారు. ఎండ ముదిరేకొద్దీ మడుల్లో ఉప్పు పేరుతుంది, పేరిన ఉప్పుని పొడవాటి కర్రకి పలక బిగించిన పనిముట్టుతో గట్టుకి లాగాలి. రోజంతా అదే పని చేస్తే రాత్రికి కుడి జబ్బ పట్టేస్తుంది. నిద్ర పట్టదు. పొద్దున చెయ్యి లేవకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. నాకు సిక్ లీవ్ ఉంది, నాన్నకి లేదు.

మా ఇంట్లో దీనికి మందు ఉప్పు కాపడం. కళ్ళుప్పు పెనం మీద వేయించి, గుడ్డలో మూట కట్టి, జబ్బ మీద అద్దుతూ తీస్తూ ఉంటారు. చిన్నప్పుడు ఆ ఉప్పు పెనం మీద చిటపటలాడుతుంటే భలే ఉండేది. స్ఫటికం లోపల చిక్కుకున్న ఉప్పునీటి బొట్లు ఆవిరై, పగలగొట్టుకుని బయటికొస్తున్న చప్పుడది. కాపడం పనిచేస్తుంది, అందులో డౌట్ లేదు. సమస్యల్లా టెంపరేచర్ కంట్రోల్ లేకపోవడమే. పొయ్యి మీద ఉప్పు నూరు డిగ్రీలు దాటేసి ఎంతదూరమైనా వెళ్తుంది. ఎప్పుడు ఆపాలో అమ్మ చెయ్యి చెప్పాలి. నాన్న జబ్బ మీద రెండు పాత మచ్చలున్నాయి, రెండూ కాపడం పుణ్యమే.

పోనీ గ్యాడ్జెట్ కొందామని పోయినేడాది ప్లగ్‌లో పెట్టి వేడెక్కించే జెల్ బ్యాగ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించా. బ్రాండ్ పేరు అనవసరం. మూడో వారానికి సాకెట్ దగ్గర చెమర్చడం మొదలైంది. కరెంటు, లోపల ద్రవం, కారుతున్న సీలు: ఈ మూడూ ఒకచోట ఉన్న వస్తువుని నాన్న భుజం మీద పెట్టే ధైర్యం నాకు లేదు. రిటర్న్ విండో అప్పటికే దాటిపోయింది.

ఉప్పు ఎందుకు కాదు, బియ్యం ఎందుకు

ఉప్పు ఊళ్ళో ఉంటూ బియ్యం వాడటమేంటని మీకు అనిపించొచ్చు. అమ్మా అదే అడిగింది. అందుకే ముందు గాజు గిన్నెలో ఎండబెట్టిన ఉప్పు ఒకసారి, బియ్యం ఒకసారి, పక్కన నీళ్ళ గ్లాసుతో సహా మైక్రోవేవ్‌లో పెట్టి చూశా. ఉప్పు గోరువెచ్చగా వచ్చింది, బియ్యం చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చాయి.

కారణం సింపుల్. మైక్రోవేవ్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. మన వైఫై, బ్లూటూత్ వాడే బ్యాండే ఇది. ఓవెన్ ఆన్ చేయగానే పక్కన ఇయర్‌బడ్స్ తడబడేది అందుకే. ఈ తరంగాలు నీటి అణువుల్ని అటూ ఇటూ తిప్పుతాయి, ఆ కుదుపే వేడవుతుంది. ఎండిన ఉప్పు స్ఫటికంలో అయాన్లు తమ చోట్లలో బిగుసుకుని ఉంటాయి, తిరగడానికి ఏమీ లేదు. బియ్యం గింజ చూడటానికి ఎండుగా ఉన్నా అందులో 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది. అసలు ఈ ఓవెన్ పుట్టిందే ఇలాంటి గమనిక వల్ల. 1945లో రేథియాన్ కంపెనీ ఇంజినీర్ పెర్సీ స్పెన్సర్ రాడార్ మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే జేబులో మిఠాయి బార్ కరిగిపోయింది.

ఇంకో లాభం కూడా ఉంది. ఒకే బరువు తీసుకుంటే బియ్యం ఉప్పుకి దాదాపు రెట్టింపు వేడి దాచుకుంటాయి. నీళ్ళు ఇంకా ఎక్కువ దాచుకుంటాయి కానీ, నీళ్ళ సంచి అంటే మళ్ళీ లీకేజీ కథే.

మనవాళ్ళకి అర్థమయ్యే లెక్కలో చెప్తా. 700 గ్రాముల బియ్యాన్ని 30 డిగ్రీల నుంచి 60కి తీసుకెళ్తే అందులో చేరేది సుమారు 36 కిలోజౌల్స్, అంటే 10 వాట్ అవర్లు. మీ చేతిలో ఉన్న 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది 19 వాట్ అవర్లు. అంటే ఈ బియ్యం మూట సగం ఫోన్ బ్యాటరీ అన్నమాట. కాకపోతే ఒకటిన్నర నిమిషంలో చార్జ్ అవుతుంది.

గుడ్డ, దారం, కుట్టు

గుడ్డ దగ్గర రాజీ పడొద్దు. నూరు శాతం నూలే కావాలి. అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితం వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా చుట్టుకుంటుంది. అమ్మ పాత చీర బాగుంది కదా అని అంచుతో సహా కోసేయకండి. జరీలో లోహం ఉంటుంది, ఓవెన్లో నిప్పురవ్వలు లేస్తాయి. జిప్, ప్రెస్ బటన్, మెరిసే లేబుల్ అన్నింటికీ ఇదే రూలు. నేను తీసుకున్నది తాతయ్య పాత పొందూరు ఖద్దరు పంచె. ఉతికి ఉతికి మెత్తబడింది, ఒంటికి హాయిగా ఉంటుంది. కానీ నేత పల్చన, బియ్యప్పొడి బయటికి రాలుతుంది. అందుకే లోపలి సంచికి గట్టి తెల్ల నూలు గుడ్డ, పై తొడుగుకి ఖద్దరు వాడాం. కుట్టుదారం కూడా నూలుదే అడిగి తెచ్చా. టెక్కలిలో మూడు షాపులు తిరిగితే గానీ దొరకలేదు, ఇప్పుడు అందరూ అమ్మేది పాలిస్టర్ దారమే.

లోపలి సంచికి 17 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ముక్క. పొడవు వెంట సగానికి మడిచి, అర అంగుళం వదిలి పొడుగు అంచూ ఒక పొట్టి అంచూ కుట్టి, తిరగేయాలి. ఇప్పుడు చేతిలో 6 అంగుళాల వెడల్పున్న ఒక గొట్టంలాంటి సంచి ఉంటుంది. అందులో పావు వంతు బియ్యం, అంటే 175 గ్రాములు పోసి, కిందికి దులిపి, 4 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక కుట్టు. మళ్ళీ 175, మళ్ళీ కుట్టు. ఇలా నాలుగు అరలు. చివరి అర నింపాక తెరిచి ఉన్న అంచుని లోపలికి మడిచి రెండుసార్లు కుట్టేస్తే అయిపోయింది. అరలు లేకపోతే భుజం మీద వేయగానే బియ్యమంతా రెండు చివర్లకీ జారిపోయి, నొప్పి ఉన్నచోట ఖాళీ గుడ్డ మిగులుతుంది. అర నిండా కూరొద్దు. కాస్త వదులుంటేనే భుజం వంపుకి ఒదుగుతుంది.

మిషన్ అమ్మది, తొక్కుడు మిషన్. అడ్డ కుట్టు వేసేటప్పుడు ఒక్క గింజ సూది కిందికి వచ్చినా సూది విరిగిపోతుంది. అందుకే కుట్టే గీతకి అటూ ఇటూ బట్టల క్లిప్పులు పెట్టి గింజల్ని ఆపమని అమ్మే చెప్పింది. నేను చూసిన ఏ వీడియోలోనూ ఈ టిప్ లేదు.

నాన్న మాత్రం గుమ్మంలో నిలబడి, "ఏట్రా, పొయ్యెక్కకుండానే అన్నం వండేత్తన్నావా?" అన్నారు.

పై తొడుగు దిండు గలీబులాగా, ఒక వైపు నోరు మడిచి లోపలికి దోపేది. తీసి ఉతుక్కోవచ్చు. లోపలి సంచిని మాత్రం ఎప్పటికీ తడపొద్దు.

పెర్ఫార్మెన్స్

మా 20 లీటర్ల ఓవెన్ 800 వాట్లది. తొడుగు తీసేసి, సంచిని సగానికి మడిచి, 60 సెకన్లు. తిరగేసి ఇంకో 30. నీళ్ళ గ్లాసు ప్రతిసారీ పక్కనే ఉంటుంది, గింజలకి పట్టని తరంగాల్ని అది తాగేస్తుంది. బయటికి తీశాక బాగా కుదిపి, తొడుగు వేసి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే లోపలి సంచి 60 దగ్గర, తొడుగు పైన 50కి కాస్త అటూ ఇటూ. ఒంటి మీదికి ఇంకో టవల్ మడత వేసుకునే పెట్టాలి. అరగంట దాకా హాయిగా ఉంటుంది. మొదటి ఐదు నిమిషాలూ కాస్త ఆవిరి, అన్నం ఉడుకుతున్న వాసన వస్తాయి. నాకు నచ్చింది, నా రూమ్మేట్‌కి నచ్చదేమో.

ఈ అంకెల్ని తేలిగ్గా తీసుకోవద్దు. 60 డిగ్రీల వస్తువు నేరుగా చర్మానికి తగిలితే ఐదు సెకన్లలో కాలుతుంది. 44 డిగ్రీలు హాయిగా అనిపిస్తుంది కానీ ఆరు గంటలు అలాగే ఉంచితే అదీ కాలుస్తుంది. ల్యాప్‌టాప్ తొడ మీద పెట్టుకుని గంటలు గడిపేవాళ్ళకి వలలాంటి గోధుమరంగు మచ్చలు వస్తాయి, అదీ ఇదే జాతి. కాబట్టి 20 నిమిషాలు పెట్టాలి, తీసేయాలి, పెట్టుకుని నిద్రపోకూడదు.

నాన్నకి షుగర్ ఉంది. డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాం. జబ్బ దగ్గర స్పర్శ బాగానే ఉంది కాబట్టి అక్కడ సరే, అరికాళ్ళకి మాత్రం వద్దన్నారు. షుగర్ ఎక్కువకాలం ఉన్నవాళ్ళకి పాదాల్లో తిమ్మిరి వల్ల కాలుతున్నా తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కుట్టిచ్చేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి. కొత్తగా బెణికి వాచిన చోట కూడా వేడి పెట్టకూడదు, పసిపిల్లల పక్కలో అసలే వద్దు. ఇంకో మాట, ఇది జబ్బని బాగు చేయదు. బిగుసుకున్న కండరాన్ని కాసేపు వదులు చేస్తుంది. ఆ వ్యవధిలో నాన్నకి నిద్ర పడుతోంది.

కాన్స్

నిప్పు భయం ఉంది, దాచను. ప్రతి వేడికీ గింజల్లో తేమ కొంత పోతుంది. చల్లారకముందే మళ్ళీ మళ్ళీ వేడి చేస్తే మధ్యలో ఒకచోట మాడి, లోలోపలే రాజుకుంటుంది. ఇలాంటి గింజల సంచుల వల్ల బ్రిటన్‌లో ఇళ్ళలో మంటలు లేచాయి, అక్కడ మైక్రోవేవ్ హీట్ ప్యాక్‌లకి బీఎస్ 8433 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. మా ఇంట్లో రూలు: రెండు వాడకాల మధ్య రెండు గంటలు, వేడి సంచిని దుప్పట్లో చుట్టడం నిషేధం, చల్లారేదాకా గట్టు మీదే. సముద్రగాలి వల్ల మా ఊళ్ళో గింజలు పోయిన తేమని రాత్రికి రాత్రే లాక్కుంటాయి. హైదరాబాద్ ఎండాకాలంలో మీకు అంత త్వరగా కాదు, కాబట్టి బియ్యం ఇంకా తరచుగా మార్చండి. మాడిన వాసన వచ్చినా, గింజలు గోధుమరంగుకి తిరిగినా పారేయడమే.

బ్యాటరీ రీప్లేస్‌మెంట్ అయితే చవక. చివరి అర కుట్టు విప్పి, ఒక్కో అడ్డ కుట్టూ ఊడదీసి, కొత్త బియ్యం పోసి మళ్ళీ కుట్టాలి. పది నిమిషాల పని, అమ్మకైతే ఐదు. వానలు మొదలైతే పురుగు పడుతుంది కాబట్టి వాడని రోజుల్లో గట్టి మూత డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచుతున్నాం. అదే సంచిని చల్లగా తీసి వాపు మీద పెట్టుకోవచ్చని దానితో తెలిసింది. ఆ మోడ్‌ని ఇంకా టెస్ట్ చేయలేదు. రెండోది కుడుతున్నాం, మెడకి సరిపోయేలా పొడవు పెంచి, ఈసారి ఉలవలతో.